మన పిల్లకెందుకు

మార్చి 14, శనివారం

మా అమ్మాయి చందన స్కూల్లో ఈరోజు మీటింగు పెట్టారు, ఆడపిల్లల తల్లిదండ్రులకు మాత్రమే. విషయం టీకా. ఏ టీకా అన్నది ఫోనుకు పంపిన మెసేజీలో లేదు. "ఒక సున్నితమైన ఆరోగ్య అంశం" అని ఉంది.

గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ వస్తుంది. అది రాకుండా పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు ప్రభుత్వం ఉచితంగా ఒక సూది వేస్తోంది. తల్లో తండ్రో ఒప్పుకోవాలి. ఇంతే సంగతి. దీన్ని చెప్పడానికి హెడ్మాస్టరు దయానంద్ గారు పడిన అవస్థ అంతా ఇంతా కాదు. స్త్రీమూర్తి అన్నారు, మాతృత్వం అన్నారు, నదులకు ఆడవాళ్ళ పేర్లే ఎందుకు పెట్టుకున్నామో వివరించారు. గర్భసంచి అన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

తర్వాత ఒక చిన్న వయసు డాక్టరమ్మ మైకు తీసుకుని ఆ మాట అనేసింది. అంతే, హాల్లో ఉన్న మగవాళ్ళందరికీ ఒకేసారి ఫోన్లు చూసుకోవలసిన పని పడింది.

ఒక తండ్రి లేచి, "మా పాప అట్లాంటిది కాదు మేడమ్," అన్నాడు.

"ఎట్లాంటిది కాదు?" అంది డాక్టరమ్మ.

ఆయన కూర్చున్నాడు.

ఒకావిడ, "పెళ్ళయినాక ఏపిచ్చుకుంటే సాలదా?" అని అడిగింది. ఈ క్యాన్సర్ ఒక వైరస్ వల్ల వస్తుందనీ, అది పెళ్ళయ్యాక మొగుడి నుంచి కూడా రావచ్చనీ, అందుకే చిన్నప్పుడే వేస్తే బాగా పనిచేస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. ముప్పై దాటిన తల్లులు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి అని చివర్లో అంది. అందరం తలలూపాం. తలలూపడంలో మాకెవరూ సాటి రారు.

ఎవరెవరు వేయిస్తారో చేతులెత్తమన్నారు. ఎత్తింది నేనూ, వెనక వరసలో ఇంకొకావిడా. ఆమె తర్వాత దించేసింది.

ఈ వారంలోనే వేయించేస్తాను.

మార్చి 15, ఆదివారం

బావకు చెప్పాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మేనత్త కొడుకును బావా అని పిలవడం మానలేకపోయాను. ఈరోజు మాత్రం వేరే పేర్లు చాలా గుర్తొచ్చాయి.

శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో తయారైన పార్టులను తనిఖీ చేయడం బావ ఉద్యోగం. వెంట్రుకంత తేడా ఉన్నా పక్కన పడేస్తాడు. హెల్మెట్ పెట్టుకోకుండా గేటు దాటినవాడి మీద రిపోర్టు రాస్తాడు. ముందే జాగ్రత్త పడాలి, తర్వాత ఏడ్చి లాభం లేదు అని కుర్రాళ్ళకు క్లాసులు కూడా తీసుకుంటాడు. సాయంత్రం ఆ మనిషి కంపెనీ బస్సులోనే ఉండిపోతాడు. వేరే మనిషెవరో దిగి ఇంటికొస్తాడు.

"ఇప్పుడే ఏం తొందర? అందరూ ఏపిచ్చుకోనీ, ఒకటి రెండేండ్లు సూద్దాం," అన్నాడు.

"అందరి పిల్లలకూ వేసి చూసి, బాగుంటే మన పిల్లకా?"

"నేనట్లా అన్లేదు."

"అట్లానే అన్నావు బావా."

"అమ్మను కూడా ఒక మాట అడగాల గదా."

"సూది అత్తకు కాదు, చందనకు."

"అసలు మన పిల్లకెందుకు ప్రసన్నా ఇయ్యన్నీ? మన ఇండ్లల్లో అట్లాంటి జబ్బులు యాడుండాయి?"

జబ్బు కూడా మా గుమ్మం ముందు నిలబడి, ఏ ఊరు, ఎవరి వాళ్ళు, ఎన్నెకరాలు అన్న వివరాలు చెప్పుకుని లోపలికి రావాలి కాబోలు.

నా ఒక్కదాని సంతకం చాలు. బావ కూడా ఒప్పుకుంటే ఇంట్లో గొడవుండదని ఆగుతున్నాను. భయపడి కాదు.

మార్చి 18, బుధవారం

మళ్ళీ కనిపించింది. నెలసరి అయిపోయి ఎన్నో రోజులు కాలేదు. ఎండలు ఈసారి ముందే వచ్చాయి, వేడి చేసింది. దానికి తోడు నేను పనిచేసే లాడ్జి రిసెప్షన్లో రోజంతా ఆ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి.

మార్చి 21, శనివారం

బార్లీ, సబ్జా గింజలు కొందామని మరిది రూపేష్ అంగడికి వెళ్ళాను. ఎయిర్ బైపాస్ రోడ్డులో పెద్ద బోర్డు. గానుగ నూనె, కొర్రలు, అండుకొర్రలు, మట్టికుండలు, మధ్యలో గడ్డం పెంచుకుని రూపేష్. ప్రకృతి వైపు తిరగకముందు ఏర్పేడులో పురుగుమందులు అమ్మింది ఇతనే. అప్పుడు గడ్డం లేదు.

టీకా సంగతి బావ అప్పుడే చేరవేసినట్టున్నాడు.

"వదినా, ఈ టీకాలన్నీ కంపెనీల వ్యాపారం," అన్నాడు.

"మరి నీది?"

"నాది సేవ."

"ఈ సేవకు జీఎస్టీ ఉందా?"

నవ్వేసి ఫోన్లో వీడియో చూపించాడు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన ఏదో దేశం నుంచి మాట్లాడుతున్నాడు, కింద తెలుగు అక్షరాలు పరుగెత్తుతున్నాయి. ఈ సూది వేసుకున్న పిల్లలకు ఇక పిల్లలు పుట్టరట.

"ఈయన ఏం డాక్టరు?"

"డాక్టరే వదినా. కోటుండాది గదా."

"మా లాడ్జి హోటల్లో దోసెలు పోసే వెంకటముని కూడా వేసుకుంటాడు కోటు."

రూపేష్‌కు కోపం రాదు, అదొక జబ్బు. మెత్తగా చెబుతూనే ఉంటాడు. శరీరమే అన్నిటికీ మందు అంటాడు. అలాంటప్పుడు ఈ అంగడెందుకో అడగబోయి ఊరుకున్నాను, సరుకు తూకం వేయించుకోవలసి ఉంది కనుక. ఒంట్లో వేడికని చెప్పి ఏదో వేరు పొడి కూడా కట్టిచ్చాడు. తెచ్చుకున్నాను. వేరు పొడితో పోయేదేముంది.

మార్చి 29, ఆదివారం

అత్త దిగింది. పొద్దున బస్సుకు ఊరి నుంచి మునక్కాయల కట్ట, వంకాయల సంచి మోసుకొచ్చింది. బావ ఫోన్ చేసి పిలిపించాడని వేరే చెప్పాలా. తనే మాట్లాడలేడు, అమ్మను పంపించి ఆవిడ వెనక నిలబడతాడు.

కాళ్ళు కడుక్కోగానే మొదలుపెట్టింది.

"ఏం మే, ఆ పిల్లకు సూదంట?"

"అవునత్తా."

"బిడ్డలు పుట్టరంట గదా."

"ఎవరన్నారు?"

"రూపేషు సెప్పినాడు."

రూపేష్ ఎవరు చెబితే విన్నాడో, ఆ చెప్పినవాడు ఎవరి దగ్గర విన్నాడో అడిగాను. ఆవిడకు అదేమీ పట్టలేదు. తన తోడికోడలి కథ ఎత్తుకుంది. నాకిది కంఠతా వచ్చు. అప్పట్లో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ల క్యాంపు పెట్టి ఊళ్ళోంచి జీపులో ఆడవాళ్ళను తీసుకుపోయారు.

"సాయంత్రానికి ఇంటికాడ దించుతామన్నారు. దించినారు. అంతలోనే కడుపుబ్బిపోయి, ఒళ్ళు కాలిపోయి, నా సేతుల్లోనే పోయినాది. ఏమీ కాదు, సీమ కుట్టినట్టుంటాది అని సెప్పినోళ్ళు ఒకరన్నా మళ్ళా మా ఇంటికి వచ్చినారా?"

"అది ఆపరేషన్ అత్తా. ఇది సూది. అప్పటిది వేరు, ఇప్పటిది వేరు."

"గవర్నమెంటోళ్ళు వేరా?"

నేను వంకాయల సంచి తీసుకుని వంటింట్లోకి నడిచాను.

ఇంకొకటి కూడా అంది. "ఊర్లో తెలిస్తే ఏమంటారు? ఆ పిల్లకు ఏమో ఉండాది, అందుకే ఏపిచ్చినారు అంటారు. రేపు సంబంధమొచ్చినోళ్ళు అడిగితే ఏం సెప్పాల?"

చందనకు పద్నాలుగేళ్ళు. లెక్కల పరీక్ష ఎట్లా గట్టెక్కాలా అని ఏడుస్తోంది. వీళ్ళప్పుడే సంబంధాల వాళ్ళకు జవాబులు వెతుక్కుంటున్నారు.

చివరికి అత్త నా పక్కన కూర్చుని, "సదువుకున్నదానివి. ఆ జబ్బేందో, ఆ సూదేందో నాకు అర్థమయ్యేట్టు సెప్పు మే," అంది.

"నీకర్థం కాదులే అత్తా," అన్నాను.

ఏం చెప్పమంటారు. వైరస్ అనాలి, ఆ తర్వాత అదెక్కడి నుంచి ఎట్లా వస్తుందో చెప్పాలి. ఆవిడకు ఇవన్నీ ఎక్కడ ఎక్కుతాయి. అత్త మునక్కాయలు ముందేసుకుని నార తీస్తూ కూర్చుంది.

మార్చి 31, మంగళవారం

రేపు వేయిద్దామనుకున్నాను. రేపు లాడ్జిలో పెళ్ళివాళ్ళు దిగుతున్నారు. వచ్చే వారం.

ఏప్రిల్ 5, ఆదివారం

ఈరోజు జరిగింది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

పొద్దున అంగడి తెరుస్తుంటే రూపేష్‌ను వీధికుక్క పిక్క మీద కరిచింది. పెద్ద గాయం కూడా కాదు. శరీరమే అన్నిటికీ మందు అన్న మనిషి షట్టరు కూడా ఎత్తకుండా బావకు ఫోన్ చేసి ఏడ్చాడట. బావ చేతిలో ఇడ్లీ ప్లేటు అక్కడే పెట్టి బండి మీద పరుగెత్తాడు. ఇద్దరూ పెద్దాసుపత్రిలో లైన్లో నిలబడి, రూపేష్‌కు సూదులు వేయించుకుని వచ్చారు. ఇంకా మిగిలినవాటికి ఏ రోజుల్లో రావాలో రూపేష్ ఫోన్లో అలారాలు పెట్టుకున్నాడు. అత్త నుదుట విబూది పెట్టి, "ఒక్క సూది కూడా ఇడిసిపెట్టబాక నాయనా," అని మరీ మరీ చెప్పింది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"కంపెనీల వ్యాపారానికి బాగానే చెయ్యి చాపావే రూపేష్," అన్నాను.

"ఇది వేరే వదినా. కుక్క కరిస్తే ప్రాణం పోతాది."

"క్యాన్సర్ వస్తే?"

"అది వచ్చినప్పుడు గదా. ఆహారంలో మార్పులు చేసుకుంటే..."

"అయితే నీ పిక్కకు కూడా కొర్రన్నం పెట్టకపోయావా."

చందన ఫక్కున నవ్వింది. బావ కంచంలో చెయ్యి ఆపి, "సాలు ప్రసన్నా," అన్నాడు.

"ఏం చాలు? కుక్క కరవక ముందు కుక్కలున్నాయని తెలుసు కదా మనకు. ఈ జబ్బు కూడా ఉందని తెలుసు. దానికీ సూది ఉంది. దీనికి పరుగెత్తిన వాళ్ళు దానికెందుకు పరుగెత్తరు?"

జవాబు అత్త చెప్పింది, చారు వడ్డిస్తూ, నా మొహం చూడకుండా.

"కుక్క కరిసిందని ఊరంతా సెప్పుకోవచ్చు మే. అది సెప్పుకునే జబ్బా?"

అసలు మాట ఇదీ. ఇన్ని రోజులు వీడియోలు, కంపెనీలు, పిల్లలు పుట్టకపోవడం అంటూ చుట్టూ తిరిగారు. అత్త ఒక్కతే ఉన్నమాట చెప్పింది. నేనే గెలిచాను. గెలిచినందుకు సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు.

ఏప్రిల్ 10, శుక్రవారం

లాడ్జికి ఈరోడ్ నుంచి యాత్రికుల బస్సు వచ్చింది. వాళ్ళకు గదుల తాళాలిద్దామని కౌంటరు దగ్గర లేచి నిలబడ్డాను. నాతో పాటు కౌంటర్లో కూర్చునే కృపామణి వెనక నుంచి వచ్చి తన చున్నీ నా నడుముకు చుట్టింది.

"అక్కా, లోపలికి రా."

చీర మొత్తం పాడయింది. బట్టలు ఉతికే గదిలో పాత దుప్పటి చుట్టుకుని కూర్చున్నాను.

"ఎన్నాళ్ళనుంచి ఉండాది ఇట్లా?"

"ఈ నెలే."

"పోయిన నెలా ఇదే మాట చెప్పినావు."

"వయసు కృపా. నిలిచిపోయే ముందు ఇట్లానే ఉంటుంది."

"నీకు నలభై కూడా నిండలేదు గదా అక్కా. ఒకసారి చూపిచ్చుకుందాం రా. నేనూ వస్తా."

కృపామణికి ఊరందరి ఒంట్లో ఏముందో కావాలి. మూడో అంతస్తు ముసలాయన దగ్గు దగ్గర్నుంచి నా దాకా. నాకోసం ప్రార్థన చేస్తానంది. చేసుకోమన్నాను, అడ్డమేముంది.

ఎండకు మనిషి సగమైపోతోంది. బార్లీ రెండు పూటలా తాగాలి.

ఏప్రిల్ 12, ఆదివారం

చందన అన్నం తింటూ ఉన్నట్టుండి, "అమ్మా, ఇంట్లో అందరూ నా గురించే మాట్లాడుకుంటా ఉండారు. నన్నెవరూ అడగలేదు," అంది.

"సరే, చెప్పు."

"నాకు సూదంటే భయం. క్యాన్సరంటే ఇంకా భయం. వేపిచ్చు."

ఇన్ని వారాలుగా ఇంతమంది పెద్దవాళ్ళు తేల్చలేకపోయింది అది పప్పన్నం కలుపుకుంటూ తేల్చేసింది. నాకు ముచ్చటేసింది. అత్త వినాలని కొంచెం గట్టిగానే, "చూశావా, పిల్లకున్న బుద్ధి," అన్నాను.

"నువ్వు చేపిచ్చుకున్నావా మరి?"

"ఏంటి?"

"పరీక్ష. ఆ డాక్టర్ మా క్లాసుకు కూడా వచ్చింది గదా. మీ అమ్మలకు చెప్పండి అనింది."

"నాకెందుకే? నాకేం జబ్బులేదు."

"బాత్రూంలో నేను చూస్తానే ఉండాను అమ్మా."

ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. అన్నం తిను అన్నాను. తినింది. నాకు సహించలేదు, ఈ ఎండలకు ఎవరికి సహిస్తుంది.

ఏప్రిల్ 13, సోమవారం

ఆసుపత్రిలో ఆడవాళ్ళ డాక్టరు ఏ రోజుల్లో ఉంటుందని కృపామణిని అడిగాను. ఊరికే అడిగాను.

ఏప్రిల్ 30, గురువారం

ఈ రోజులన్నీ రాయలేదు. పేజీ తెరిచి మూసేశాను.

కృపామణిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయాను. మొదట పరీక్ష చేశారు. తర్వాత ఒక చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపారు. పెద్ద నొప్పేమీ లేదు. నొప్పి ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే, అందుకే రాలేదు అని చెప్పుకోవడానికైనా ఉండేది.

"ఇంతకాలం ఎందుకు చూపించుకోలేదమ్మా?" అని అడిగింది ఆసుపత్రి డాక్టరమ్మ.

"వేడి చేసిందనుకున్నాను," అన్నాను.

డిగ్రీ చదివిన మనిషి గొంతులోంచి ఆ మాట బయటికి రావడం నేనే విన్నాను. ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది. బార్లీ, సబ్జా, వేరు పొడి. చీర పాడయ్యాక కూడా బార్లీ. రూపేష్‌ను చూసి నవ్విన నోరు ఇదే.

ఈరోజు రిపోర్టు ఇచ్చారు. క్యాన్సర్. తొలి దశలోనే ఉందట. గర్భసంచి తీసేయాలి. దాంతోనే నయం కావచ్చు, తీసినదాన్ని పరీక్షించాక కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలో వద్దో చెబుతామన్నారు. వైరస్ ఎప్పుడు వచ్చిందో, ఎట్లా వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరట. చాలామందికి వస్తుంది, చాలామందిలో దానంతట అదే పోతుంది, కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోయి ఇట్లా అవుతుంది, ఇందులో ఎవరి తప్పూ వెతకొద్దు అంది డాక్టరమ్మ.

బయట బెంచీ మీద కృపామణి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మే 2, శనివారం

ఇంట్లో చెప్పాను.

బావ విన్నాడు. రిపోర్టు చేతిలోకి తీసుకున్నాడు, మడిచాడు, మళ్ళీ విప్పాడు. తర్వాత మొదటి మాట, "ఎవురికన్నా చెప్పినావా?" అన్నాడు.

పెళ్ళానికి క్యాన్సర్ అని తెలిసిన మొగుడి మొదటి ప్రశ్న. రాసి పెట్టుకుంటున్నాను, ఎప్పుడైనా బావ మీద జాలి పడితే చదువుకోవడానికి.

"కృపామణికి తెలుసు."

"ఇంకెవరికీ చెప్పబాక. గడ్డ అని చెబుదాం. గర్భసంచిలో గడ్డ. అందరికీ వస్తాయి అవి."

సరేనన్నాను. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. మొహం కడుక్కుంటున్నాడనుకున్నాను. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. నీళ్ళు పారుతున్నాయి, బావ గట్టు పట్టుకుని అట్లానే నిలబడి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. కుళాయి కట్టేశాను.

మధ్యలో ఊరికి వెళ్ళిపోయిన అత్త సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. బావ ఆవిడకు కూడా గడ్డ అనే చెప్పినట్టున్నాడు. ఆవిడ నమ్మలేదు. నన్ను పుట్టినప్పటి నుంచి ఎరుగును, మా నాయనకు అక్క. నా ఎదురుగా నేల మీద కూర్చుని, "గడ్డకు వీడంత ఏడవడు. ఏందది?" అంది.

చెప్పాను.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "ఆ సూది దీనికేనా?" అంది.

"దీనికే."

"నీకు ఏసింటే రాకుండా ఉండునా?"

"చాలావరకు వచ్చేది కాదు. నా చిన్నప్పుడు ఆ సూది లేదత్తా."

"ఆపరేషనంటే..." అని ఆగిపోయింది. జీపు, క్యాంపు, తోడికోడలు, అన్నీ ఆ మొహంలో కనిపించాయి. ఇన్నేళ్ళుగా ఆ కథ విన్నాను కానీ, చెబుతున్నప్పుడు ఆవిడ మొహం ఒక్కసారైనా చూశానో లేదో గుర్తు రాలేదు.

"భయంగా ఉందా అత్తా?"

"నీకు లేదా?"

"ఉంది."

"అయితే ఇప్పుడన్నా నాకు సెప్పు. అదేందో, యాడ నుంచి వస్తాదో."

చెప్పాను. ఏ మాటా దాచకుండా, మామూలు తెలుగులో చెప్పాను. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడకు అంతా అర్థమైంది. మధ్యలో ఒక్కసారే ఆపి అడిగింది.

"అంటే, ఏ తప్పూ సెయ్యని ఆడదానికి కూడా రావచ్చునా?"

"రావచ్చు. తప్పుకూ దీనికీ సంబంధం లేదు."

"మరి ఇంతకాలం మనమెందుకు మే సిగ్గుపడింది?"

గుమ్మం దగ్గర నిలబడిన బావ నేల చూస్తున్నాడు.

మే 4, సోమవారం

అత్త పొద్దున్నే తలకు పోసుకుని, కొత్త చీర కట్టుకుని, "పదండి," అంది. సెలవు పెట్టమని బావకు రాత్రే చెప్పిందట. చందనను మధ్యలో కూర్చోబెట్టుకుని ఆటోలో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం.

మనసు మార్చుకుంది అనుకుంటే పొరపాటు. అక్కడి నర్సును పట్టుకుని ఒక ఆట ఆడించింది. ఇది ఎన్నాళ్ళ మందు, యాడి నుంచి వచ్చింది, ఇంతకుముందు ఎవురికి ఏసినావు, వాళ్ళు ఎట్లుండారు.

"ఈ పిల్లకేమన్నా అయితే నువ్వు యాడుంటావు? నీ ఇల్లు యాడ?"

"కొర్లగుంటలో అవ్వా."

"కొర్లగుంటలో యాడ?"

నర్సు ఓపిగ్గా వీధి పేరు కూడా చెప్పింది. అత్త బావ వైపు తిరిగి, "గుర్తు పెట్టుకోరా," అంది. వెనక లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోవలసిన సందర్భం. పోలేదు.

సంతకం బావ పెట్టాడు. నేను పెట్టబోతే కలం నా చేతిలోంచి తీసుకున్నాడు.

చందన కళ్ళు మూసుకుని అవ్వ చెయ్యి పట్టుకుంది. సూది గుచ్చగానే కళ్ళు గట్టిగా మూసింది అత్త. చందన అప్పటికే తెరిచి, "అయిపోయింది అవ్వా," అంటోంది.

కాసేపు అక్కడే కూర్చోమన్నారు. అత్త మనవరాలి మొహం, చెయ్యి, నాలుక మార్చి మార్చి చూస్తూ కూర్చుంది.

"నమ్మకం కుదిరిందా అత్తా?" అని అడిగాను.

"యాడ కుదిరినాది. ఇంటికి పోయి పొద్దుగూకేదాకా సూడాల." చందన మోచెయ్యి తిప్పి చూసి, "నమ్మకం కుదిరేదాకా ఉంటే నీ మాదిరి అయిపోతాది గదా మే," అంది.

ఎల్లుండి నన్ను ఆసుపత్రిలో చేర్చుకుంటారు.

మే 24, ఆదివారం

ఇంటికొచ్చాను. ఆపరేషన్ బాగా జరిగింది. తీసినదాని అంచుల్లో జబ్బు లేదట, కరెంటు అవసరం ఉండకపోవచ్చు, అయినా వస్తూ పోతూ ఉండాలన్నారు. నవ్వితే కుట్లు లాగుతాయి. అందుకని రూపేష్‌ను లోపలికి రానివ్వడం లేదు. హాల్లోంచే పలకరించి పోతున్నాడు. మళ్ళీ ఏ పొడీ తేలేదు.

ఈరోజు బావతో పనిచేసే రఘునాథ్ గారు, ఆయన భార్య వచ్చారు. యాపిల్సు, హార్లిక్సు. మంచం పక్కన కుర్చీలు వేశాను అని రాయబోయాను, వేసింది బావ.

"ఇంతకీ ఏమైంది సార్?" అన్నాడు రఘునాథ్.

"గడ్డ సార్. గర్భసంచిలో చిన్న గడ్డ. తీసేసినారు," అన్నాడు బావ.

నేను కళ్ళు మూసుకుని అవునన్నట్టు తలూపాను. ఆ రోజు బావను అసహ్యించుకున్నాను గానీ, పడుకుని వింటుంటే గడ్డ అన్న మాట హాయిగా ఉంది. ఎవరూ ఇంకేమీ అడగరు. యాపిల్ కోసుకుని తినొచ్చు.

గుమ్మంలోంచి అత్త గొంతు వినిపించింది.

"గడ్డ కాదు. క్యాన్సరు."

బావ, "అమ్మా," అన్నాడు.

"ఏందిరా అమ్మా. దొంగతనం సేసిందా నా కోడలు?" కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టి రఘునాథ్ భార్య వైపు తిరిగింది. "నీకు ఆడపిల్లలుండారా?"

"ఒక పాప అమ్మా. పదమూడు."

"పద్నాలుగు రాగానే సూది ఏపిచ్చు. నువ్వూ ఒకసారి పరీక్ష సేపిచ్చుకో. మీ ఇంట్లో ఎవురన్నా మన పిల్లకెందుకు అంటే, నాకు ఫోన్ సెయ్యి."

రఘునాథ్ గారు ఎండ ఎక్కువగా ఉందన్నారు. బావ అవునన్నాడు. ఇద్దరూ కాఫీ గ్లాసులు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. మగవాళ్ళ ధైర్యం వరండా దాకా బాగా పనిచేస్తుంది.

ఆమె మాత్రం లేవలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చుంది. నాకన్నా చిన్నది, ముప్పై అయిదు ఉంటుందేమో. వరండాలో మాటలు మొదలయ్యేదాకా ఆగి, అత్తను కాదు, నన్ను చూసి, చాలా మెల్లగా అడిగింది.

"అక్కా, ఆ పరీక్ష యాడ చేస్తారు? ఆయనకు తెలియకుండా పోవచ్చునా?"

అత్త నా వైపు చూసింది. నేను దిండుకు ఆనుకుని కొంచెం పైకి లేచి, మంచం మీద కాస్త పక్కకు జరిగి, ఆమెను దగ్గరికొచ్చి కూర్చోమన్నాను.